శుక్రవారం పడ్డ పరీక్ష

మా ఇంట్లో ఆదివారానికి విలువ ఉండేది కాదు. మాకు సెలవంటే శుక్రవారమే. గల్ఫ్‌లో ఉండే మా నాన్నకు, మా బాపుకు, ఆ రోజు పని ఉండదు. పొద్దున బట్టలు ఉతుక్కొని, తలస్నానం చేసి, మధ్యాహ్నం వీడియో కాల్ చేసేవాడు. అందుకని అవ్వ, అంటే మా అమ్మ, ఆ రోజే మటన్ వండేది. శుక్రవారం నీసు ముట్టని మా వాడకట్టు మొదట్లో ముక్కు మూసుకుంది. “లచ్చిందేవి వచ్చే దినం గిదేం వాసననే?” అని మొహం మీదే అడిగిన పక్కింటామె, తన కొడుకు కూడా దుబాయి పోయాక, చప్పుడు చేయకుండా శుక్రవారం కోడిని కోయడం మొదలుపెట్టింది.

ఫోన్‌ను నీళ్ల చెంబుకు ఆనించి పెట్టేవాళ్లం. మేమిక్కడ తింటుంటే ఆయన అక్కడ తినేవాడు. బాపు వెనక ఎప్పుడూ ఒకటే గోడ. గోడకు ఒక మేకు, మేకుకు ఒక సంచి. ఎట్లున్నవ్ బాపూ అంటే “మంచిగనే ఉన్న బిడ్డా” అనేవాడు. ఇన్నేళ్లలో ఆ మాటా మారలేదు, ఆ గోడా మారలేదు.

నేను కరీంనగర్‌లో బీకాం రెండో ఏడు చదువుతున్నప్పుడు గ్లోబల్ స్టడీస్‌లో ఇంకో డిగ్రీకి కట్టాను. ఒకటి కాలేజీకి పోయి, ఇంకోటి ఇంట్లో ఉండి, రెండు డిగ్రీలూ ఒకేసారి చేయొచ్చని అప్పటికే కొత్త రూలు వచ్చింది. ఎందుకు చేరుతున్నావని అప్లికేషన్‌లో అడిగితే ప్రపంచాన్ని అర్థం చేసుకోవడానికి అని గొప్పగా రాశాను. ప్రపంచం లేదు, పాడు లేదు. మా బాపు ఉండే చోటు గురించి నాకు ఆ గోడ తప్ప ఏమీ తెలియదు. అదీ అసలు సంగతి.

నాది పుట్టుకతోనే ఫికర్ బుద్ధి. బస్సు రాకముందే తప్పిపోయిందని ఏడ్చే రకం. అలాంటిదాన్ని కోరి రెండు డిగ్రీలు నెత్తికెత్తుకున్నాను. అటెండెన్స్ తగ్గితే బీకాం పోతుందని భయం, అసైన్‌మెంట్ ఆలస్యమైతే ఇది పోతుందని భయం. కాస్ట్ అకౌంటింగ్ చెప్పే మా కాస్టింగ్ మేడమ్ క్లాసులో అందరి ముందే, “గిది సక్కగ చదువరాదు, గదెందుకే నీకు?” అన్నది. బాపు సంతోషపడ్డాడు కానీ, ఫోన్ పెట్టేముందు ప్రతిసారీ “బీకాం మాత్రం ఆగం చేసుకోకు” అని గుర్తు చేసేవాడు.

వాడకట్టు సంగతి ఇంకో తీరు. “మా పిల్ల దేశాల సదువు సదువుతున్నది” అని అవ్వ ఎక్కడ నోరు జారిందో ఏమో, సాయంత్రం అయ్యేసరికి ఎవరో ఒకరు గడపలో కూర్చునేవాళ్లు. “బిడ్డా, మా పిలగానికి మస్కట్ మంచిదా, దోహా మంచిదా?” “వీసా అసలుదా నకిలీదా జర చూడరాదు.” నాకేం తెలుసు! నా పుస్తకంలో ప్రపంచీకరణకు నాలుగు నిర్వచనాలు ఉన్నాయి, అవి కూడా ఒకదానితో ఒకటి కలవవు. తెల్వదంటే నమ్మేవాళ్లు కాదు. చదువుకొని గర్వం వచ్చిందనుకునేవాళ్లు.

వలసల పాఠం నేను కాలేజీ బస్సులో చదివాను. కిటికీ పక్క సీటు దొరికిన సంతోషంలో పుస్తకం తెరిచాను. వీసాకు కంపెనీ జామీను ఉండాలి. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉంచుకోకూడదు, అయినా చాలాచోట్ల ఉంచుకుంటారు. అది చేతిలో లేనివాడికి సెలవు దొరకదు, ఇంటికి పోయే దారి ఉండదు. బాపు ఇంటికి వచ్చి పోయింది నేను పదో తరగతిలో ఉన్నప్పుడు. ఆ తర్వాత ఒకసారి కంపెనీలో పని ఎక్కువున్నది అన్నాడు. ఇంకోసారి టికెట్ రేటు మండిపోతున్నది అన్నాడు. మా అమ్మమ్మ చనిపోయినప్పుడు కూడా వీడియోలోనే దండం పెట్టుకున్నాడు. అవన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. దిగాల్సిన స్టాపు దాటిపోయాక గానీ నేను తల ఎత్తలేదు.

ఆ నెల అసైన్‌మెంటు కూడా నా ప్రాణం మీదికే వచ్చింది. మీ ప్రాంతం నుంచి వలస పోయిన ఒకరితో మాట్లాడి రాయమన్నారు. శుక్రవారం కోసం కాచుకున్నాను. జీతం సరిగా ఇస్తారా బాపూ అంటే మంచిగనే ఇస్తరు. గదిలో ఎంతమంది అంటే మంచిగనే ఉంటం. ఎండలో పనా అంటే గదంతా అలవాటే. చివరికి అసలు ప్రశ్న అడిగాను.

“పాస్‌పోర్ట్ ఎవల దగ్గరుంటది బాపూ?”

“నా దగ్గరనే, పెట్టెల ఉన్నది,” అన్నాడు.

నా ప్రశ్న పూర్తి కాకముందే అన్నాడు. మిగతా వాటికి అన్నం నమిలి, నీళ్లు తాగి జవాబు చెప్పిన మనిషి. ఏదీ చూపించు అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో అవ్వ, కూర మాడుతున్నదని అబద్ధమాడి ఫోన్ తీసుకుపోయింది.

ఆ సాయంత్రం బియ్యం ఏరుతూ నన్ను పిలిచింది. “ఇంకోసారి గసొంటివి అడుగకు,” అన్నది.

“ఏంటివి?”

“గవ్వే. ఆయన చెప్పంది మనం అడుగద్దు. వారానికొకపారి నవ్వుకుంట కనవడుతుండు, గదన్న ఉండనియ్యి.”

నాకు కోపం వచ్చింది. తెలుసుకోవడానికి చేరిన చదువులో తెలుసుకోకూడదట! అదే మాట అరిచాను కూడా. అవ్వ ఇంకో దోసెడు బియ్యం చేటలో పోసుకుంది. అసైన్‌మెంటులో బాపు చెప్పింది చెప్పినట్టే రాసి పంపాను. మంచి మార్కులే వచ్చాయి. ఆ మార్కులు నేనెవరికీ చూపించలేదు.

గ్లోబల్ స్టడీస్ పరీక్షల హాల్‌టికెట్ వచ్చింది. సెంటర్ ఆదిలాబాద్‌లో పడింది. వలసల పాఠం ఉన్న అసలైన పేపరేమో శుక్రవారం మధ్యాహ్నం. అదే రోజు కాలేజీలో కాస్టింగ్ ఇంటర్నల్. మేడమ్ దగ్గరకు పోయి చేతులు కట్టుకొని నిలబడ్డాను. “నేను జెప్పలేదా?” అని పావుగంట తిట్టి, సోమవారం విడిగా రాయమన్నది. తిట్టినా ఆమె కడుపు చల్లగుండాలి.

మొదటి బస్సుకు అవ్వా నేనూ బయల్దేరాం. మటన్ లేని శుక్రవారం మా ఇంటికి అదే మొదటిది. బాపును సాయంత్రం ఫోన్ చేయమన్నాం. సోమవారం పరీక్ష కోసమని నేను కాస్టింగ్ నోట్సు కూడా సంచిలో వేసుకున్నాను. నిర్మల్ దాటాక ఘాట్ రోడ్డు మలుపుల్లో ఇటు ఒక పేజీ, అటు ఒక పేజీ చదివితే తల తిరిగి, రెండూ మూసేసి అవ్వ భుజం మీద వాలిపోయాను.

పేపర్ చూడగానే మొదట అదే కనబడింది. గల్ఫ్ వలస కార్మికుల మీద వ్యాసం. వేరే ప్రశ్న ఎంచుకోవచ్చు. ఎంచుకోలేదు. పుస్తకంలో ఉన్నదంతా రాశాను. రాస్తూ రాస్తూ పుస్తకంలో లేనిది కూడా రాశాను. ఇట్లా చిక్కుకున్నవాళ్లు ఇంటికి ఫోన్ చేసి మంచిగనే ఉన్నామని చెప్తారని, ఇంటివాళ్లు కూడా అడగరని రాశాను. చివరి వరుస మీద కన్నీళ్లు పడితే చున్నీ కొంగుతో అద్దాను. పక్క బెంచీ అమ్మాయి నాకు ఏమీ రాలేదనుకొని జాలిగా చూసింది.

ఆదిలాబాద్ బస్టాండులో సిమెంటు బెంచీ మీద కూర్చొని, పొద్దున కట్టుకొచ్చిన రొట్టెలు విప్పుతుంటే ఫోన్ మోగింది. అదే గోడ, అదే సంచి. మా వెనక మాత్రం మొదటిసారి మా ఇల్లు లేదు.

“పేపర్ ఎట్లొచ్చింది బిడ్డా?”

“మంచిగనే రాసిన బాపూ,” అన్నాను. ఆ మంచిగనే నా నోట్లోంచి వినగానే నాకే ఒళ్లు మండింది. ఇంటిల్లిపాదికీ అంటుకున్న రోగం ఇది.

“ఏమేం అడిగిండ్రు?”

అవ్వ వైపు చూశాను. ఆమె అప్పుడే వచ్చి ఆగిన బస్సు వైపు చూస్తున్నది. ఇక చెప్పేశాను. “గల్ఫ్ పోయినోళ్ల గురించి అడిగిండ్రు బాపూ.”

“ఏం రాసినవ్?”

“పాస్‌పోర్ట్ కంపెనోళ్లు పెట్టుకుంటరని రాసిన. వాళ్లు ఇయ్యంది ఇంటికి రాలేరని రాసిన. పని ఎక్కువున్నది, టికెట్ రేట్ పెరిగింది అని ఇంటోళ్లకు చెప్తరని రాసిన.”

ఫోన్ ఆగిపోయిందనుకున్నాను. ఆగలేదు. బాపు వెనక సంచి ఫ్యాన్ గాలికి కదులుతూనే ఉంది.

“అన్ని కరెక్టే రాసినవ్ బిడ్డా,” అన్నాడు.

అవ్వ రొట్టె కింద పెట్టి నా పక్కకు జరిగింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. తన మొహం కూడా ఫోన్‌లో పడేట్టు వంగింది. బాపు ఫోన్‌ను ఇంకాస్త దగ్గరకు తీసుకున్నాడు.

“గా పుస్తకంల... గసొంటోడు ఇంటికి ఎట్ల రావాలెనో, గది రాసున్నదా?”

ఎన్ని నిర్వచనాలు బట్టీ పట్టాను! ఒక్కటీ గుర్తు రాలేదు.

“రాసున్నది బాపూ. ఎంబసీల ఫిర్యాదియ్యాలె. ఈడికెల్లి నేను గూడ ఇయ్యొచ్చు.”

“ఫిర్యాదా?” బాపు భయపడ్డాడు. నేను ఆయన భయపడగా చూడటం అదే మొదటిసారి. “కొలువు పోతది గదనే. నీ సదువెట్ల మరి?”

“పోతె పోనీ,” అన్నది అవ్వ. అడుగద్దని నా నోరు మూయించిన మనిషి. “నువ్వు రా.”

ఆయన వెనక్కి తిరిగి మేకుకున్న సంచి వైపు చూశాడు. మళ్లీ మంచిగనే ఉన్న అంటాడేమోనని నాకు భయం వేసింది. ఇంకొక్క నిమిషం ఆగితే ఆ మాట అనేవాడే.

“నీ పాస్‌పోర్ట్ నంబర్ చెప్పు బాపూ,” అన్నాను. సంచిలో చేతికి దొరికిన కాస్టింగ్ నోట్సు తీసి, దాని అట్ట మీద పెన్ను పెట్టాను.

కొన్నేళ్లుగా కంటితో చూడని ఆ పాస్‌పోర్టు నంబరు బాపు తడబడకుండా చెప్పాడు, బడిపిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు. బస్సు హారన్‌లో నాకు సగం వినపడలేదు. ఇంకోసారి చెప్పమన్నాను. చెప్పాడు. రాసుకుంటూ తల ఎత్తేసరికి, అక్షరం ముక్క రాని మా అవ్వ పెదవులు కూడా, ఎప్పుడో బట్టీ పట్టినట్టు, ఆయనతో పాటే ఆ నంబరు చదువుతున్నాయి.