కడిగినవాడే పట్టుకోవాలి: తగరపువలసలో కారిన పెట్రోలు ట్యాంకు

పాత కారు కొని విశాఖ నుంచి శ్రీకాకుళం వైపు సరదాగా వెళ్దామనుకునే కుర్రాళ్లు ఈమధ్య నన్ను సలహాలు అడుగుతున్నారు. దారి కంటే ముందు ట్యాంకు సంగతి చెప్పాలి. ఎనభైల మొదట్లో నేను పోర్టు వర్క్‌షాపులో ఫిట్టర్ని, వన్ టౌన్‌లో కాపురం. నా భార్య కరుణకు రణస్థలం హైస్కూల్లో టీచరు పోస్టు వచ్చింది. "బస్సులో వెళ్లి చేరిపోతానండీ" అని వారం నుంచి అంటూనే ఉంది. పాతదైనా సొంత కారుండగా బస్సేమిటని నేను ఆపుతూ వచ్చాను. అలా ఆపగా ఆపగా గడువులో ఆఖరి రోజు మిగిలింది. సాయంత్రం నాలుగింటికి బడి మూసేలోపు ఆమె సంతకం పెట్టకపోతే ఉద్యోగం పోయినట్టే.

తొమ్మిదింటికి బయల్దేరి, మద్దిలపాలెం దాటాక ట్యాంకు నిండా పెట్రోలు పోయించాను. అప్పట్లో లీటరు ఆరు రూపాయల పైచిలుకు. మధురవాడ చేరేసరికి కారంతా పెట్రోలు కంపు. కిందికి దూరి చూస్తే ట్యాంకు అతుకు దగ్గర చుక్కలు చుక్కలుగా కారుతోంది. బట్టల సబ్బు మెత్తగా నలిపి చిల్లుకి అద్దాను. పెట్రోలుకి సబ్బు కరగదు, అది నాకు తెలిసిన విద్యే. ఆనందపురం దాకా నిలిచింది కూడా. ఆ తర్వాత గతుకులకి ఊడిపోయింది.

పదకొండు కాకముందే తగరపువలస సంతవీధిలో, కారే స్టవ్వులకీ డబ్బాలకీ తగరం కరిగించి మాట్లు వేసే అప్పన్న కొట్టు ముందు ఆపాను. పెట్రోలు డబ్బాల్లోకి వంచి, ట్యాంకు నేనే ఊడదీశాను. అంతలో పన్నెండింటి శ్రీకాకుళం బస్సు వచ్చింది. కరుణ సంచీ అందుకుంది.

"అరగంట పని. నువ్వు కూర్చో" అన్నాను. నా మాట మీద ఆమె బస్సు వదిలేసింది. ఇక నాలుగింటిలోపు రణస్థలం చేర్చే బస్సు లేదు.

అప్పన్న ట్యాంకుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. "సోడా ఏసిన వేన్నీళ్లతో ఆరుసార్లు కడుగు బాబూ. నోపల ఆవిరి మిగిలితే, కాల్చిన కడ్డీ పెట్టగానే పేలిపోద్ది."

కుంపటి మీద నీళ్లు ఒక్కోసారి మరగడానికే పావుగంట. రెండుసార్లు కడిగేసరికి పన్నెండున్నర దాటింది. లెక్క వేసుకుంటే, మిగతా నాలుగుసార్లకీ ఇంకో గంట పైనే. ట్యాంకు తెచ్చి అప్పన్న ముందు పెట్టాను.

"ఆరుసార్లూ కడిగినావా?"

"కడిగాను."

"అయితే కూకుని పట్టుకో. నా కాడ అదే పద్ధతి, కడిగినోడే పట్టుకోవాల."

నేను నోరు తెరిచేలోపే కరుణ కొంగు దోపుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది. "తొందరగా కానివ్వండి, రెండోవైపు నేను పడతాను" అంటూ ట్యాంకు మీద చేతులు వేసింది. నేను చెప్పింది నిజమే అనుకుంది, పాపం. అప్పన్న కుంపట్లోంచి కడ్డీ తీశాడు. దాని మొన ఎర్రగా ఉంది.

"ఆగు అప్పన్నా. రెండుసార్లే కడిగాను."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అప్పన్న కడ్డీని మళ్లీ నిప్పుల్లో గుచ్చి, "ఇంకేటి, ఇంకో నాలుగుసార్లు కడగాల" అన్నాడు, అంతే. కరుణ లేచి కుంపటి మీద నీళ్లు పెట్టింది. తక్కిన నాలుగుసార్లూ ఇద్దరం చెరో చివరా పట్టుకుని గలగలా ఊపి కడిగాం. లోపల ఆవిరికి చోటు మిగలకుండా చిల్లుకి అంగుళం కిందిదాకా నీళ్లు నింపి, అప్పన్న పది నిమిషాల్లో మాటు వేసేశాడు. పట్టుకున్నది ఇద్దరమూ. పన్నెండు రూపాయలిచ్చి, ట్యాంకు ఆరబెట్టి బిగించేసరికి మూడవుతోంది. భోగాపురం, పూసపాటిరేగ ఎలా దాటామో గుర్తులేదు. బడి గేటు ముందు బ్రేకు వేసేసరికి నాలుగుకి అయిదు నిమిషాలు తక్కువ. హెడ్మాస్టరుగారు రిజిస్టరు మూయబోతూ మళ్లీ తెరిచారు.

ఆ మాటు కారు అమ్మేదాకా చెక్కుచెదరలేదు. చేతిపని మీద నాకున్న ధీమా కూడా ఏమీ తగ్గలేదు. కాకపోతే పని వచ్చినవాడికే అడ్డదారులు ముందు కనబడతాయని ఆ రోజు తెలిసింది. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కునేవాళ్లం, కరుణ చేతులకేమైనా అయితే ఏం చేసేవాణ్ణి? మీకు నా సలహా ఒకటే: ట్యాంకుకి మాటు వేయించేటప్పుడు కడిగినవాణ్ణే పట్టుకోమనండి. కరుణ ముప్ఫయ్యేళ్లు ఉద్యోగం చేసి రిటైరయింది. ఇప్పటికీ నేను ఏ పనైనా "అయిపోయింది" అంటే, చేస్తున్న పని ఆపి నావైపు చూసి, "పట్టుకోమంటారా?" అంటుంది. నేను లేచి వెళ్లి ఇంకోసారి చూసి వస్తాను.