వంతు కరెంటు

మా గట్టు వైపు బోరు నీళ్లకు వంతు ఉంటుంది. ఒకరి బోరు ఎండితే పక్క చేనువాళ్లు పూట పంచి ఇస్తారు. దానికి కాగితం ఉండదు, అడిగేవాళ్లూ ఉండరు. అందుకే నా చేనులో సోలార్ పలకలు పెట్టించాక, కరెంటుకూ వంతు వేశాను. పొద్దున నా మోటారుకు, మధ్యాహ్నం దాటాక పక్క చేను పెద్దమ్మ మోటారుకు. ఆమెకు బోరు ఉంది గానీ కనెక్షన్ లేదు, దరఖాస్తులు పెట్టి పెట్టి విసిగిపోయింది. ఒడ్డు మీదుగా వైరు లాగి, అటూ ఇటూ తిప్పే స్విచ్ ఒకటి బిగించాం.

పోయిన నెల లైన్‌మన్ ఆ వైరు చూశాడు. మరునాడే గద్వాల ఆఫీసుకు రమ్మని కబురు.

"నువ్వు వాడుకో, మిగిలింది మాకు అమ్ము. పక్కోళ్లకిస్తే మాత్రం కుదరదమ్మా," అన్నాడు అక్కడి ఇంజనీరు.

నాకు చదువు తక్కువే గానీ మొండితనం తక్కువ కాదు. బస్టాండు దగ్గర నెట్ సెంటర్‌లో తీయించిన ఢిల్లీ కాగితం బల్ల మీద పెట్టాను. ఇరుగుపొరుగు రైతులు సోలార్ కరెంటు పంచుకోవచ్చని అందులో ఉంది.

"అది సెంటర్ రూలమ్మా. దానికి తగ్గ రూలు మన దగ్గర ఇంక రాలే."

"ఎప్పుడొస్తది సార్?"

"నాకు తెల్వదు. వారంల వైరు తీయకుంటే నీ కనెక్షనే కట్ చేస్తం."

నాకు ఒళ్లు మండింది. ఢిల్లీకీ హైదరాబాదుకూ మాట కుదరకపోతే పెద్దమ్మ పల్లి చేను ఎందుకు ఎండాలి? పూత రాలి ఊడలు మట్టిలోకి దిగే సమయం. ఇప్పుడు నీళ్లు ఆగితే కాయే ఉండదు.

"మీ రెండు రూల్లు ఒక్కటైనంక పిలువుండ్రి సార్, వస్త. అప్పటిదాంక వైరు తీయ," అన్నాను. నోటీసు మీద సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. దాని కింద 'వైరు తీయను' అని కూడా రాసిచ్చాను.

ఇల్లు చేరేసరికి గడప దగ్గర వైరు చుట్ట, దాని పక్కన పెద్దమ్మ. లైన్‌మన్ అంతా చెప్పేశాడట, తనే ఊడదీసి తెచ్చింది.

"నా పల్లి పోతే పోనీ బిడ్డా. నా కోసం నీ పలకలు ఆగొద్దు," అంది.

ఆఫీసులో రాని ఏడుపు అప్పుడు వచ్చింది. భయం లేదంటే అబద్ధం. నా పలకలు లైనుకు కలిపినవి, కనెక్షన్ పోతే అవీ ఆగి నా చేనూ ఎండుతుంది. అయినా చుట్ట భుజాన వేసుకుని చేనుకు నడిచాను. "ఏంది బిడ్డా గిది," అంటూ ఆమె వెనకే వచ్చింది. వైరు మళ్లీ కలిపాను. మధ్యాహ్నం దాటింది, వంతు ఆమెది. స్విచ్ ఆమె చేతనే తిప్పించాను.