పెద్ద లూసోంగ్, చిన్న లూసోంగ్

మాక్ సౌనిన్ పంతులు కాళ్లకు కుదురు పోయి రెండేళ్లయింది. టీ పోయించుకుని, తాగడం మరిచి లేచిపోయేవాడు. కాంటన్ రేవు వెంట ఆ చివరి దాకా నడిచి, అక్కడ తనకేం పని లేదని గుర్తొచ్చి, మళ్లీ ఈ చివరికి వచ్చేవాడు. పడవల వాళ్లు చూసి, "పంతులుగారికి ఇది ఎన్నో దఫా?" అని వేళాకోళమాడేవారు. ఒకప్పుడు ఆయన ఇలాంటి మనిషి కాడు. సర్కారు కొలువు పరీక్ష గదిలో ముక్కు మీద ఈగ వాలినా కదలకుండా మూడు రోజులు కూర్చున్నవాడు. నాలుగుసార్లు కూర్చున్నాడు, నాలుగుసార్లూ తప్పాడు. అది వేరే సంగతి.

తప్పినా చదువు చదువే కదా. వాన ఎప్పుడు పడుతుంది, పొయ్యి ఏ దిక్కున పెట్టాలి, దగ్గుకు ఏ వేరు నూరాలి, వీధిలో అందరూ ఆయన్నే అడిగేవారు. తెలిస్తే తెలిసిన జవాబు చెప్పేవాడు, తెలియకపోతే అప్పటికప్పుడు ఒకటి పుట్టించేవాడు. "తెలియదు" అనడమంటే ఆయనకు తల కొట్టేసినంత పని.

ఆయన ఉద్యోగం చదవడం. ఆ రోజుల్లో మాయమాటలు చెప్పి, మత్తు పెట్టి, మనుషుల్ని ఓడలకెక్కించి అమ్ముకుంటున్నారని ఊరూవాడా గగ్గోలెత్తితే, మన అధికారులూ విదేశీ దొరలూ కూర్చుని ఒక ఏర్పాటు చేసుకున్నారు. సముద్రం దాటి కూలికి పోయేవాళ్లను రేవు పక్కన ఒక ఇంట్లో ఉంచాలి. ఒప్పందం కాగితం అందరికీ వినబడేలా చదవాలి. ఇష్టమేనా అని అడగాలి. ఇష్టమైతేనే వేలిముద్ర. చదివేవాడు కాగితానికి ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట తీయకూడదు. మాక్ పంతులుది కంచు గొంతు. వీధి మొగలో ఉన్నవాడికి కూడా వినబడేది.

కాగితంలో మొదటి ముక్కే ఇది: "పెద్ద లూసోంగ్ వారి చెరకు తోటలలో ఎనిమిదేళ్లు పని చేయుటకు."

చిన్న లూసోంగ్ అందరికీ తెలుసు. మనీలా రేవు ఉన్న చోటు. కాంటన్‌లో సగం వీధులకు అక్కడ చుట్టాలున్నారు. చలిగాలికి పడవెక్కి వెళ్తారు, ఎండగాలికి తిరిగొస్తారు. పెద్ద లూసోంగ్ మాట ఈ కాగితాల్లోనే కొత్తగా వినబడింది.

మాక్ పంతులు బావ లాయ్ హింగ్ బాతులు మేపుకునేవాడు. ఒక ఏడు వరద మొత్తం బాతుల్ని ఎత్తుకుపోయింది. వారం తిరక్కుండా ఆయన ఈ ఇంట్లో ముందు వరసలో కూర్చుని ఉన్నాడు. కాగితం చదవడం అయ్యాక నోరు విప్పాడు.

"ఏమోయ్ పంతులూ, ఈ పెద్ద లూసోంగ్ ఎక్కడోయ్? చిన్నదానికి ఎంత దూరం?"

నలభై మంది పంతులు మొహంలోకి చూశారు. ఆయనకు ఆ పేరు కాగితం మీద తప్ప ఎక్కడా తగల్లేదు.

"పక్కనే ఉంటుంది బావా. మన పెద్ద తోంగ్, చిన్న తోంగ్ ఊళ్లు లేవూ? అలాగే."

పెద్ద తోంగ్‌లో కోడి కూస్తే చిన్న తోంగ్‌లో జనం లేస్తారు. లాయ్ హింగ్ నవ్వేశాడు. "అయితే ఇంకేం, బాగోలేకపోతే గట్టు దాటి చిన్నదానికొచ్చి పడవెక్కేస్తా. బాతుపిల్లలకు గంపలు అల్లి ఉంచమని మీ అక్కతో చెప్పు." నవ్వుతూనే బొటనవేలు సిరాలో ముంచాడు. ఆయన వెనక ముప్ఫై ఏడుగురు ముంచారు. ఒక్క మాట కలపకూడదన్న ముక్క ఆ పూట ఎవరికీ గుర్తు రాలేదు.

ఏడాది తరువాత, ఒప్పందాలు తనిఖీ చేసే దొర గదిలోకి కాగితాలు తీసుకెళ్లినప్పుడు మాక్ పంతులు బల్ల మీద ఒక రంగుల గోళం చూశాడు. అది భూమి అని దొర దగ్గరి దుబాసీ చెప్పాడు. మకావు వాడు, కులాసా మనిషి.

"చిన్న లూసోంగ్ ఎక్కడండీ?"

"ఇదిగో, కాంటన్ నుంచి గోరంత దూరం."

"మరి పెద్దది?"

దుబాసీ గోళాన్ని తిప్పాడు. ఆపుతాడేమో అనుకుంటే ఇంకా తిప్పాడు. కాంటన్ అవతలికి పోయి కనబడకుండా పోయాక, ఒక సన్నటి దీవి మీద వేలు పెట్టాడు. "క్యూబా. మనీలాను ఏలే దొరల దేశాన్ని మీవాళ్లు పెద్ద లూసోంగ్ అంటారు కదా, వాళ్ల దీవే ఇది. గాలి బాగుంటే నాలుగు నెలలు. పాపం, దారిలోనే చాలామంది..." అని, పంతులు మొహం చూసి ఆగిపోయాడు.

కాళ్లకు కుదురు పోయింది ఆ రోజే. అక్క సౌలాన్ ఇంటికి వెళ్లడం తగ్గించేశాడు. ఆమె గంపలు అల్లుతూనే ఉండేది.

"చిన్న లూసోంగ్ పడవలొచ్చాయిరా తమ్ముడూ. చేపల వీధి కుర్రాణ్ణి అడిగాను, మీ బావ కనబడలేదట. ఈ మనిషికేం రోగం, ఒక్కసారి గట్టు దాటి వచ్చి పడవవాడికి కబురు చెప్పలేడా?"

"పని ఎక్కువేమోనక్కా," అని లేచేవాడు. కూర్చోమన్నా కూర్చునేవాడు కాదు.

ఈలోగా ఒప్పందాన్ని తిరగరాయడానికి పెద్దలు కాంటన్‌లో సమావేశమయ్యారు. మాక్ పంతులు మూడు రాత్రులు దిద్ది దిద్ది ఒక అర్జీ రాశాడు. దేశం పేరు పక్కన ఎన్ని నెలల ప్రయాణమో వేయించండి మహాప్రభో అని, అంతే. కాగితాలు అందించే నెపంతో గోడ వారన నిలబడ్డాడు. తిరుగు ప్రయాణం ఖర్చు ఎవరిది అన్నదాని మీద మూడు రోజులు కొట్టుకున్నారు. పని గంటల మీద రెండు రోజులు. అర్జీ వంతు వచ్చింది.

"ఆ పేరు మేము పెట్టుకున్నది కాదు," అన్నాడు దొర. "మీ పుస్తకాల్లో మీరే రాసుకున్నారు."

"పాత సంధిపత్రాల్లో ఉన్న పేరు," అన్నాడు మన అధికారి. "దాన్ని కదిపితే అన్నీ కదపాలి."

అన్ని రోజుల్లో రెండు పక్షాలూ ఒక్క మాట మీదికి వచ్చింది అక్కడే. మాక్ పంతులుకు ఒళ్లు మండిపోయింది. ఇంతమంది చదువుకున్నవాళ్లు, ఒక్కడికీ నోరు రాలేదు. ఆ తరువాత తన నోరు గుర్తొచ్చి తల దించుకున్నాడు.

ఎనిమిదో నెల పున్నమికి, చంద్రుడి పండుగకి ముందు బజారంతా పంపరపనసలే. ఒకటి కొనుక్కుని పనిలోకి వెళ్లాడు. బల్ల మీద పెట్టి చదవడం మొదలుపెట్టాడు. "పెద్ద లూసోంగ్ వారి..." దగ్గర ఆగాడు. పండెత్తి, పైన గోటితో ఒక గీత గీసి, కాళ్ల కింద నేలను చూపించాడు. దాని పక్కనే ఇంకో గీత గీసి, కిటికీలోంచి మనీలా పడవలను చూపించాడు. అప్పుడు పండు తిప్పాడు, నెమ్మదిగా, అడుగు దాకా. అక్కడ గీసి, కాగితంలో ఆ పేరు మీద వేలు పెట్టాడు. ఒక్క మాట కలపలేదు.

"పంతులుగారికి ఆకలేస్తున్నట్టుంది," అన్నాడొకడు. జనం నవ్వారు. వెనకనున్న హక్కా తెగ రైతు ఒకడు మాత్రం నవ్వలేదు. లేచి వచ్చి, పండు తీసుకుని తనే తిప్పి చూశాడు. "ఇష్టం లేదు," అన్నాడు. ఆ వెనక పదకొండుమంది అదే మాట అన్నారు. మిగతావాళ్లు ముద్ర వేశారు.

సాయంత్రానికి పిలుపు వచ్చింది.

"ఏ మాట కలిపావయ్యా మాక్?"

"ఏదీ కలపలేదండీ."

"మరి పండెందుకు?"

"గొంతు ఆరిపోతుందండీ, చదివి చదివి."

అధికారి మూతి బిగించి నవ్వాపుకున్నాడు, ఉద్యోగం మాత్రం తీసేశాడు. చదివే బల్ల మీద పండ్లు ఉంచరాదని కొత్త నిబంధన రాశారు. దానికి రెండు పక్షాలూ ఆ రోజే ముద్ర వేశాయి.

పండుగనాడు పొద్దు వాలుతుండగా ఆ పండే పట్టుకుని అక్క ఇంటికి వెళ్లాడు. ఆమె పెరట్లో బల్ల కడిగి ఉంచింది.

"ఇదేం పండురా, చంద్రుడికి పెట్టేదానికి గీతలు పడనిచ్చావా?"

"కూర్చో అక్కా," అని తనూ కూర్చున్నాడు. మూడు గీతలూ ఏమిటో చెప్పాడు.

అక్క మన గీత మీద బొటనవేలు పెట్టి, అడుగు గీతకు మధ్యవేలు చాచింది. అందలేదు. "మధ్యలో ఇదంతా ఏమిటి?"

"నీళ్లు."

"ఆయన వేలిముద్ర వేసేనాడు నీకిది తెలుసా?"

"తెలియదు."

"మరి పక్కనే అని ఎందుకు చెప్పావురా?"

"అడిగాడని చెప్పానక్కా. నలుగురూ చూస్తున్నారు."

అక్క తిట్టలేదు. తిడితే బాగుండునని ఆయనకు అనిపించింది. ఆమె పండును ఒళ్లో పెట్టుకుని, అడుగునున్న గీతను చాలాసేపు తడిమింది.

"బతికే ఉన్నాడా మీ బావ?"

ఉంటాడక్కా, ఆయనకేం, దున్నపోతులాంటి మనిషి... ఆ జవాబు పళ్ల దాకా వచ్చేసింది. ఆ మాట అంటే చాలు, అక్క లేచి దీపం పెడుతుంది, గంపలు అల్లుకుంటుంది.

"నాకు తెలియదక్కా," అన్నాడు.

ఆ ఏడు వాళ్లింట్లో చంద్రుడికి పండు పెట్టలేదు.