మూత పడకముందు చూసిన కళ్ళు

అక్క పోయిందన్న సంగతి నాకు సాయంత్రం డ్యూటీ దిగాక తెలిసింది. మా కంపెనీలో ఫోన్లు లోపలికి తీసుకుపోనివ్వరు. గేటు దగ్గర ఇనుప అరల్లో పెట్టి తాళం వేసుకుని పోవాలి. అర తెరిచేసరికి ఫోను మోగుతూనే ఉంది. మా ఆయన.

“యాడుండావు?”

“గేటు కాడ.”

“పక్కన ఎవరన్నా ఉండారా?”

ఆ అడిగిన గొంతులోనే నాకు తెలిసిపోయింది. మదనపల్లెలో వాళ్ళ చెల్లెలి ఇంట్లో ఉన్న అక్క, పొద్దున కాఫీ తాగి పడుకుని మళ్ళీ లేవలేదంట. అంటే నేను ఆ రోజంతా లోపల కూర్చుని పని చేస్తున్నప్పుడు అక్క ఈ లోకంలో లేదు.

కానీ ఆ మధ్యాహ్నమే నేను అక్కను చూశాను.

మా పని గదిలో అందరం ఒకేలా ఉంటాం. తల నుంచి పాదం దాకా తెల్లని అంగీ, తలకు టోపీ, మూతికి మాస్కు, చేతులకు తొడుగులు. బయటికి కనపడేవి కళ్ళే. నడకను బట్టి, నిలబడే తీరును బట్టి ఒకరినొకరం గుర్తు పట్టుకుంటాం. ఆ రోజు భోజనం చేసి లోపలికి వచ్చేసరికి అక్క సీటు దగ్గర ఎవరో ఎడమ భుజం మీదికి తల వాల్చి నిలబడి ఉన్నారు. అక్క అట్లాగే నిలబడేది. జబ్బు నయమై, చెప్పకుండా వచ్చేసిందేమో అని సంతోషంగా దగ్గరికి పోయాను. ఆ మనిషి ఇటు తిరిగాడు. పైన గాలి వచ్చే జాలీని చూడడానికి వచ్చిన మెకానిక్కు. “ఏం కావల్లమ్మా?” అన్నాడు. ఏమీ లేదని తల ఊపి నా చోటికి వచ్చేశాను.

అప్పటి నుంచి తెల్ల అంగీలో ఎవరు నిలబడినా నాకు ముందు అక్కే కనిపిస్తుంది. తరువాతే వాళ్ళు వాళ్ళవుతారు.

ఆ ఖాళీ సీటులో నన్ను కూర్చోమన్నారు. ఆ కంపెనీయే మానెయ్యమని మా అత్త. కూర్చోవాలా, పనే మానుకోవాలా అని నేను కొట్టుమిట్టాడిన రోజుల గురించీ, అక్క గురించీ నాకు చేతనైనట్టు రాస్తున్నాను.

అక్క నాకు చుట్టం కాదు. కుప్పంలో మేము అద్దెకు దిగిన వరుస ఇళ్ళలో మా పక్క గది ఆమెది. సొంతూరు గుర్రంకొండ దగ్గర పల్లె. భర్త పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. పెళ్ళయి పుంగనూరు అత్తగారింటి నుంచి మా ఆయనతో కుప్పం వచ్చిన కొత్తలో నేను తలుపు వేసుకుని గదిలోనే ఉండేదాన్ని. కొళాయి దగ్గరికి కూడా అందరూ పోయాక పోయేదాన్ని. అక్క ఒక రోజు తలుపు కొట్టి, “ఏం పాపా, నీకు మాటలొస్తాయా రావా? రాకపోయినా పరవాల్యా. మా కంపినీలో కండ్లుంటే సాలు” అన్నది. నాకు చదువు తక్కువని జంకితే కాంట్రాక్టరుతో తనే మాట్లాడింది. వాళ్ళు కంటి పరీక్ష చేసి, చేతులు వణుకుతాయేమో చూసి, రమ్మన్నారు.

మొదటి రోజు ముందు బట్టలు మార్చుకునే గదిలోకి పోయాం. లోపలికి పోవాలంటే గాజులు తీయాలి, పూలు తీయాలి, బొట్టు తుడవాలి. కాటుక, పౌడరు ఏవీ ఉండకూడదు. కుంకుమ రేణువు ఒక్కటి రాలినా మా దగ్గర తయారయ్యే ఎలక్ట్రానిక్ చిప్పు పాడవుతుంది. తాళి మాత్రం రవికె లోపలికి దోపుకోవచ్చు. నా చేతులకు ఉన్నవి మా అత్త తొడిగించిన గాజులు. మిగతావాళ్ళంతా గబగబా తీసి డబ్బాల్లో వేసుకుంటుంటే నేను గోడకు ఆనుకుని నిలబడిపోయాను. అక్క వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

“నీ మొగునికేం కాదులే పాపా. గాజులుంటే మొగుడు బతుకుతాడంటే, నా సేతులకు రెండు డజన్లుండె.”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అక్క కూడా నవ్వింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆమే ఒక్కొక్క గాజూ చిట్లకుండా తీసి, మణికట్టుకు నల్లటి పట్టీ కట్టింది. మన ఒంట్లోని కరెంటు చిప్పుకు తగలకుండా భూమిలోకి దిగిపోవడానికి ఆ పట్టీకి ఒక తీగ ఉంటుంది. “ఇద్దో, కంపినీ వాళ్ళు తొడిగించే గాజు. దీన్ని తీస్తేనే తిడతారు” అన్నది.

అద్దంలో చూసుకుంటే ఇద్దరం ఒకేలా ఉన్నాం. నుదుట ఏమీ లేదు, చేతులకు ఏమీ లేవు. “ఈడ అందరం ఒగటే” అన్నది అక్క. ఆ మాట ఆమె సంతోషంగానే అన్నదని నాకు చాలా రోజుల తరువాత అర్థమైంది.

అంగీ తొడుక్కున్నాక ఒక చిన్న గాలి గది దాటాలి. రెండు తలుపుల మధ్య ఇద్దరు పట్టేంత చోటు. నాలుగు వైపుల నుంచి గాలి కొట్టి ఒంటి మీది దుమ్మును ఊడ్చేస్తుంది. ఆ హోరులో పక్కన ఉన్న మనిషి మాట కూడా వినపడదు. అక్క అందులో రోజూ ఏదో అనేది. మాస్కు కదలడం కనిపించేది. ఒక రోజు లోపలికి పోయాక, “ఏమంటాండావక్కా ఆ గాలిలో?” అని అడిగాను.

“మా ఆయన పేరు.”

నేను ఆమె కళ్ళలోకి చూశాను.

“బతికినన్నాళ్ళూ ఆయన పేరు నోటితో అన్లేదు పాపా. యాడన్నా అంటే ఎవరన్నా ఇంటారని బయం. ఈడ ఎవరికీ ఇనపడదు గదా.”

మా పని చెబుతాను. రాగి రేకు వస్తుంది, జానెడు కంటే కొంచెం పొడుగు. దాన్ని లీడ్ ఫ్రేమ్ అంటారు. కిటికీ జాలీలాగా దాని నిండా చిన్న చిన్న గళ్ళు కోసి ఉంటాయి. అడుగున టేపు అంటించి ఉంటుంది. ఒక్కొక్క గడి మధ్యలో వెండి కలిసిన జిగురు చుక్క పెట్టి, నువ్వుగింజంత చిప్పును అతికిస్తారు. పొయ్యిలో ఆరబెడతారు. తరువాత మిషను, మన కుట్టు మిషను లాగానే టకటకా, చిప్పు నుంచి రాగి అంచులకు వెంట్రుక కంటే సన్నని బంగారు తీగలు కుడుతుంది. అప్పుడు రేకు మా దగ్గరికి వస్తుంది. మేము మైక్రోస్కోపు కింద పెట్టి ప్రతి గడినీ చూడాలి. మేము సరే అన్నాక దాని మీద వేడి నల్లముద్ద పోస్తారు. అది గట్టిపడితే ఇక లోపలిది ఎవరి కంటికీ కనపడదు. అడుగు టేపు పీకి, రంపంతో గళ్ళు గళ్ళుగా కోస్తే నల్లటి చదరపు బిళ్ళలు వస్తాయి. పాత చిప్పులకు జెర్రికి ఉన్నట్టు కాళ్ళుండేవంట. వీటికి లేవు. కాళ్ళు లేకుండా ఎట్లా అతుక్కుంటాయని నేను అడిగితే అక్క, “కుందేలు కూసున్నట్టు కూసుంటాది పాపా, కాళ్ళు కడుపు కిందికి ముడుసుకోని” అన్నది. తిప్పి చూస్తే నిజంగానే అడుగున రాగి మచ్చలు వరుసగా ఉన్నాయి.

మొదట్లో నేను తీగ తెగిందా లేదా అని మాత్రమే చూసి రేకు జరిపేసేదాన్ని. అక్క వెనక నిలబడి గమనించేది. “సూసినట్టు సూడొద్దు పాపా. సూడు” అనేది. తీగ ఎట్లా వంగింది, పక్క తీగ మీదికి వాలిందా, దాని మొదలు చిప్పు మీద సరిగ్గా కూర్చుందా, అన్నీ చూడమనేది. ఇంకో మాట కూడా అనేది. “నల్లముద్ద పడినాక దేవుడు కూడా సూడలేడు. దీన్ని సూసే కడా మనిషివి నువ్వే. అయినోళ్ళను సాగనంపేటప్పుడు సూస్తామే, అట్ల సూడల్ల.”

ఇప్పుడు ఫోను చేతిలోకి తీసుకున్నా, స్కూటరు ఎక్కినా ఆ మాటే గుర్తొస్తుంది. వాటిలో ఎక్కడో ఒక నల్ల బిళ్ళ ఉంటుంది. దాని లోపలి తీగలను కడసారి చూసినవి అక్క కళ్ళేమో. మీ చేతిలో ఉన్నదాంట్లో కూడా ఉండొచ్చు.

సాయంత్రం కంపెనీ బస్సు మా వీధి మొదట్లో దింపేది. బస్సు దిగగానే అక్క సంచిలోంచి స్టిక్కర్ల అట్ట తీసి, ఒక స్టిక్కరు ఊడదీసి నా నుదుట పెట్టేది. బొట్టు లేకుండా ఇంటికి పోతే మా ఆయన కంటే ముందు వీధి అంతా చూస్తుందని. తను ఎప్పుడూ పెట్టుకోలేదు. ఒక సాయంత్రం, పుంగనూరు నుంచి చెప్పకుండా వచ్చిన మా అత్త వీధి మొదట్లోనే నిలబడి ఉంది. అక్క వేలు నా నుదుటి మీదే ఉంది.

“ఎవరమ్మా నువ్వు, నా కోడలికి బొట్టు పెట్టేదానికి? మీ ఇంటాయన ఏం పని సేస్తాడు?”

“ల్యాడమ్మా. పోయినాడు.”

“తెలిసీ పెడతాండావా?”

అక్క చెయ్యి తీసేసింది. “తప్పయిందమ్మా” అని తన గదిలోకి పోయింది. మా అత్త చెడ్డ మనిషి కాదు. నా జ్వరానికి మూడు బస్సులు మారి వచ్చిన మనిషి. కానీ ఆ సాయంత్రం నా నుదుటి మీది స్టిక్కరు తీసి పారేసి, కుంకుమ పెట్టి, దిష్టి తీసింది. పక్క గదిలోకి అన్నీ వినపడతాయి.

మరుసటి రోజు బస్సు దిగాక అక్క స్టిక్కర్ల అట్ట నా చేతికిచ్చింది. “నువ్వే పెట్టుకో పాపా. నేను అద్దం పట్టుకుంటా.” ఆ తరువాత ఎప్పుడూ ఆమె వేలు నా నుదుటికి తగలలేదు.

జబ్బు చేశాక అక్క మదనపల్లెకు, చెల్లెలి దగ్గరికి పోయింది. ఒకసారి ఫోను చేసింది. గొంతు సన్నబడిపోయి ఉంది.

“నా సీట్లో ఎవర్ని కూసోబెట్టినారు?”

“ఎవరూ లేరక్కా. కవరు కప్పి పెట్టినారు.”

“నువ్వు కూసో. కిటికీ పక్క సీటు, కండ్లకు సల్లగుంటాది.”

“నువ్వు వస్తావు గదక్కా.”

అక్క నవ్వింది. ఆ నవ్వుకు అర్థం నాకు తెలుసు, తెలియనట్టు ఫోను పెట్టేశాను.

కడసారి చూడడానికి నేనూ మా ఆయనా మదనపల్లె పోయాం. మెడ దాకా తెల్లని దుప్పటి కప్పి ఉంచారు. నుదుట ఏమీ లేదు. చేతులకు ఏమీ లేవు. చెల్లెలు, “ఎంత బోడిగా పోతాండాదో సూడమ్మా” అని ఏడ్చింది. నాకు మాత్రం అక్క డ్యూటీకి తయారై ఉన్నట్టు అనిపించింది. మాస్కు ఒక్కటే తక్కువ. తల కొంచెం ఎడమ భుజం వైపు వాలి ఉంది. ఎవరో సరిచేశారు.

వచ్చే దారిలో పుంగనూరులో దిగాం. మా అత్త వాకిట్లోనే నీళ్ళు పోసుకోమన్నది. అన్నం పెడుతూ, “ఇంక ఆ కంపినీ మానెయ్. బతికినప్పుడే నీ నుదుట సెయ్యి పెట్టె. ఇప్పుడు ఆ మనిషి నీడ నిన్నిడిసిపెడుతుందా?” అన్నది. మా ఆయన కంచంలోకి చూస్తూ, “ఆ పిల్లనడగమ్మా, పోయేది తను గదా” అన్నాడు. ఇద్దరూ నా వైపు చూశారు. నేను నీళ్ళ చెంబు కోసం లేచాను.

కుప్పం వచ్చాక కంపెనీలో ఇంకో రకం మాటలు. అక్క సీటు దగ్గర ఎవరో నిలబడ్డట్టు కనిపించిందని ఒకామె, కుర్చీ దానంతట అదే తిరిగిందని ఇంకొకామె. ఎవరూ అటు కూర్చోనన్నారు. మా వరుస పని చూసుకునే లైన్ మేడమ్ నన్ను పిలిచి, “నీకు నేర్పింది ఆమేనంట గదా. సోమవారం నుంచి నువ్వు కూర్చో. కూర్చోనంటే చెప్పెయ్, నిన్ను ప్యాకింగ్‌లోకి మార్చి కొత్త మనిషిని తెచ్చుకుంటా” అన్నది. ప్యాకింగ్‌లోకి వచ్చేవి నల్ల బిళ్ళలే. అక్కడ లోపలిది చూడడం ఉండదు.

ఆదివారమంతా గోడ వైపు తిరిగి పడుకున్నాను. పక్క గదికి ఎవరో కొత్తవాళ్ళు వచ్చి సామాను దింపుకుంటున్నారు. మేకు కొట్టిన చప్పుడుకు లేచి మా అత్తకు ఫోను చేశాను.

“అత్తా, నేను పోతాను. ఆ సీట్లోనే కూర్చుంటాను.”

“నీకింత గొంతుందని నాకు తెలీదే” అన్నది. తరువాత, “నీ ఇష్టం. రేపేమన్నా అయితే నన్నడగొద్దు” అని పెట్టేసింది.

సోమవారం గాలి గదిలోకి ఒక్కదాన్నే పోయాను. ఒక్కదాన్నే అయినా పక్కకు జరిగి నిలబడ్డాను. గాలి కొట్టింది. మాస్కు లోపల “అక్కా” అన్నాను. నాకే వినపడలేదు.

సీటు మీది కవరు తీశాను. కుర్చీలో కూర్చుని పట్టీ కట్టుకున్నాను. మొదటి రేకు పెట్టి, కళ్ళు ఆనించాను. ఏమీ సరిగ్గా కనపడలేదు. రెండు వెలుగు గుండ్రాలు ఎడం ఎడంగా ఉన్నాయి, ఒక కంటికి రాగి మసక, ఒక కంటికి నలుపు. లైటు చెడిపోయిందేమో అనుకున్నాను. తరువాత తెలిసింది. మైక్రోస్కోపుకు కళ్ళు ఆనించే రెండు గొట్టాలూ అక్క కళ్ళకు అమర్చి ఉన్నాయి. ఆమె కళ్ళ మధ్య ఎంత ఎడముందో, అంత ఎడంగా. ఆమె ఈ సీటు విడిచిపోయినప్పటి నుంచి వాటిని ఎవరూ తాకలేదు.

నేను చెయ్యి తీసి ఒడిలో పెట్టుకున్నాను. ఆ మసకలోకే చూస్తూ ఉన్నాను. అటు పక్క బల్ల మీద రేకులు పేరుకుంటున్నాయి. లైన్ మేడమ్ దూరం నుంచి, “ఏమ్మా, కనపడతా ఉందా?” అని అడిగింది.

“ఇంకా ల్యా మేడమ్” అన్నాను.

తరువాత రెండు గొట్టాలనూ పట్టుకుని మెల్లగా దగ్గరికి జరిపాను. రెండు గుండ్రాలు ఒకదాని మీదికి ఒకటి వచ్చాయి. అక్క కళ్ళ మధ్య దూరం ఇక ఈ లోకంలో ఎక్కడా లేదు. కింద రాగి మీద బంగారు తీగలు ఒక్కొక్కటే తేటపడ్డాయి. అన్నీ ఒకే వైపుకు వంగి, ఊపిరి తగిలినా కదిలేటట్టు నిలబడి ఉన్నాయి. వాటి మీద నల్లముద్ద ఇంకా పడలేదు.