గుంటలన్నీ పిల్లలైన నవల

ఆ రోజుల్లో శుద్ధమైన తెలుగు మీద నాకున్న భక్తి తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. దేశం కాని దేశంలో, చాంగీ బిజినెస్ పార్క్‌లో కొత్త ఉద్యోగం, ఆఫీసులో చుట్టూ గుంటూరు, విజయవాడ వాళ్లు. నాది శ్రీకాకుళమని ఎవరూ పసిగట్టకుండా వార్తలు చదివేవాడిలా మాట్లాడేవాణ్ణి. (అమ్మ ఫోన్ చేస్తే మాత్రం, ఆఫీసైనా ఇల్లైనా లేచి కారిడార్‌లోకి పోయేవాణ్ణి.)

అలాంటి నా చేతిలో పడింది, అందరూ నవల అంకుల్ అని పిలిచే పెద్దాయన నవల. ఆయన షిప్‌యార్డ్‌లో సూపర్‌వైజరు, నేను అద్దెకున్న అంతస్తులోనే ఉండేవారు. కవితైనా కథైనా శ్రీకాకుళం యాసలోనే రాసేవారు. (నాదీ అదే జిల్లా అని ఆయనకీ చెప్పలేదు.) ఏళ్ల తరబడి నోట్‌బుక్కుల్లో రాసుకున్న నవలని టైపు చేసిపెట్టమన్నారు. షిప్‌యార్డ్‌లో పనిచేసే తన ఊళ్ల వాళ్లని ఆదివారం చోవా చూ కాంగ్‌లోని తన ఫ్లాట్‌కి పిలిచి, ముందుగా వాళ్లకి చదివి వినిపించాలని ఆయన ఆశ. నేను టైపు చేసి ఊరుకోకుండా నవలని ఉద్ధరించాను. 'బేగి'ని 'త్వరగా' చేశాను. 'గుంట' అంటే మావైపు ఆడపిల్ల కదా, ఒక్క మీట నొక్కి పుస్తకంలోని గుంటలన్నిటినీ పిల్లలుగా మార్చేశాను. నేలలో తవ్వే గుంట కూడా ఒకటుంటుందని ఈ పండితుడికి తట్టలేదు.

ఆదివారం ఎనిమిది మంది వచ్చి చాపల మీద కూర్చున్నారు. అంకుల్ గొంతు సవరించుకుని, "నాన్న అరటి మొక్కని పిల్లలో పాతి, కాలితో మట్టి తొక్కాడు" అని చదివారు. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు, అంకుల్‌తో సహా. తర్వాతి పేజీలో తల్లి కొడుకుని భోజనానికి పిలుస్తుంది. (ఆ తల్లి అచ్చంగా ఆయన అమ్మే. పోయి చాలా కాలమైంది.) "నాయనా, త్వరగా రా, భోజనం చల్లారిపోతోంది" అని చదివి ఆగిపోయారు. అదే వాక్యం ఇంకోసారి మెల్లగా చదువుకుని నావైపు చూశారు.

"ఈవిడెవులురా? మాయమ్మ ఏదీ?"

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. తప్పయిపోయిందన్నాను. ఆ తర్వాత, ఎందుకో తెలీదు, అసలు నాదీ శ్రీకాకుళమేనని అంతమంది ముందూ బయటపెట్టేశాను. అంకుల్ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

"నువ్వు కారిడార్లో మీయమ్మతోటి మాటాడతంటే ఇన్నాన్రా. అందుకే గదా నీకిచ్చినాను."

ఆయన పైకి చదువుతుంటే పక్కన కూర్చుని మొదటినుంచీ మళ్లీ టైపు చేశాను. పుస్తకం బాగానే వచ్చింది. నాలోని అప్పటి ఆ కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. ఎవరూ పెట్టని పరీక్షకి, పాపం, సొంత నోరు కట్టేసుకుని మరీ చదివాడు.