అక్క చేనుకు నేను వేయించిన గట్టు

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో, మండవల్లి దిగువన కొల్లేటి అంచునున్న మా అక్క చేనుకు వరదగట్టు వేయించే పని నా మీద పడింది. బావ పోయాక ఆమెకు ఆధారం ఆ చేనొక్కటే. ఇక నా అర్హత, తాడేపల్లిగూడెంలో రైలుకట్టకు మట్టి పోస్తుంటే కాసేపు నిలబడి చూడటం.

గట్టుకు మట్టి దూరం నుంచి మోసుకురావాలని అక్కడ అందరికీ తెలుసు. నేను మాత్రం గట్టు అడుగు పక్కనే, చేనువైపు గుంట తవ్వించాను. మోత తగ్గింది. "మీలాంటి ఆసామి ఊరికొకరుంటే మా నడుములు బాగుపడతాయండీ" అని కూలీలు దీవించారు. తొలకరికి ఆ గుంట నిండి కొరమేనులు చేరాయి. గాలం వేసుకు కూర్చుని, ఇంజనీర్లకు కూడా తట్టని తెలివి నాదని మురిసిపోయాను.

కొల్లేటి నేల పైకి నల్లగా, బరువుగా, మాట తప్పని పెద్దమనిషిలా కనిపిస్తుంది. ఆ జిగటమట్టి కింద ఏ కాలపు ఏరో వదిలేసిన ఇసుక, నత్తగుల్లలు ఉంటాయి. జిగటే దానికి మూత. ఆ మూతను తవ్వి గట్టు మీద పోయించిన ఘనుణ్ణి నేను.

భాద్రపదంలో వరద వచ్చి గట్టు తలకు జానెడు కింద ఆగింది. పైనుంచి చుక్క దాటదని నేను మీసం దువ్వుకుంటుండగా గుంట నీళ్లు అన్నం ఉడికినట్టు కుతకుతలాడాయి. గట్టు కిందుగా దూరిన వరద, ఇసుకను వెంటబెట్టుకుని పైకి పొంగుతోంది. పక్కచేను రైతు చెంపలు వేసుకుని, "గంగమ్మ వెలిసిందండీ!" అన్నాడు. వెలిసిన తల్లి మా గట్టు పేగులు లాగేస్తోందని ఇద్దరికీ తట్టలేదు.

నీళ్లు పొంగేచోట గడ్డీ బంకమట్టీ కుక్కి, దానిమీదెక్కి నిలబడ్డాను. ఆ ఊటబుగ్గ ఆగింది. ఇంతలో అక్క వచ్చింది.

"ఏరా, పొదుగుతున్నావా?"

"ఆగిపోయిందక్కా."

"మరి నీ పక్కన ఉడుకుతున్నదేంటి?"

అక్కడా కుక్కాను. ఇంకోచోట లేచింది. చివరికి గట్టు నడుము దగ్గర కుంగి, చప్పుడు లేకుండా కూర్చుండిపోయింది. సాయంత్రానికి చేనూ కొల్లేరూ ఒకటయ్యాయి.

"పైనుంచి చుక్క దాటలేదురా. ఆ మాట నిజమే," అంది అక్క.

ఆ ఏడు ఆమె మా ఇంట్లోనే ఉంది. ఆపదలో అక్కను ఆదుకున్నాడని ఊరు నన్ను మెచ్చుకుంది. అరుగు మీద వాళ్లు పొగుడుతుంటే లోపల ఆమెకు వినబడేది. ఒక్కసారీ బయటికొచ్చి జరిగింది చెప్పలేదు. నేనూ చెప్పలేదు. తల వంచుకుని, "నాదేముందండీ" అనేవాణ్ణి. దానికి ఇంకా మెచ్చుకునేవారు.