సముద్రపు కాకి ముట్టిన ముద్ద

కాకి రాని చోట పిండం ఎవరు ముడతారో కోరంగి రేవు దాటాకే నాకు తెలిసింది. పక్షులంటే ప్రాణం పెట్టే, నేను పనిచేసే దొరగారికి సముద్రపు కాకులు చూపించడానికి అక్కడ పడవ మాట్లాడాం. నాది కడప. సముద్రం మీదికి వెళ్లడం అదే మొదలు.

ఒడ్డు కనుమరుగయ్యాక సముద్రపు కాకులనే ఆ తెల్లటి పక్షులు మా చుట్టూ చేరాయి. దొరగారు దుర్భిణి తీశారు. పడవ నడిపే పోలయ్య ఆకులో కట్టి తెచ్చిన అన్నం ముద్దను పడవ అంచు మీద పెట్టి చేతులు జోడించాడు.

“మా తమ్ముడు నూకరాజు గాలివానలో ఇక్కడే పోయాడండి. శవం దొరకలేదు. ఒడ్డున పిండం పెడితే కాకి ముట్టలేదు. నీళ్లలో పోయినోడికి ఈ పక్షులే కాకులండి,” అన్నాడు.

పక్షులు దిగి, చూసి, లేచిపోయాయి. పోయినవాడికి తీరని కోరిక ఉంటే అంతేనని మా వైపూ అంటారు.

“నీ పెళ్లాన్ని మేం చూసుకుంటాంరా,” అన్నాడు పోలయ్య. ఏదీ ముట్టలేదు.

“నీ వల ఎవరికీ ఇవ్వంరా.” అదీ కాదు.

చివరికి పోలయ్య ముద్ద ముందు తల వంచాడు. “నీ కొడుకుని సముద్రం మీదికి పంపనురా.”

ఒక పక్షి వాలి ముద్దను ఎత్తుకుపోయింది.

“ఎంత దగ్గరికొచ్చిందో చూశావా!” అని దొరగారు సంబరంగా నా భుజం తట్టారు.

పోలయ్య చుక్కాని పక్కన కూలబడ్డాడు. “మాటిచ్చేశానండి. మాకు సెంటు భూమి లేదు. ఇక ఆ పిల్లోడు ఏం తిని బతకాలండి?”